చైనా భాషలో ‘క్లాసిక్’ అనడం ఎలా: మింగ్‌జు అనే మాటను తప్పు లేకుండా వాడే పద్ధతి

తెలుగులో ‘క్లాసిక్’ అనే ఒక్క మాటతో మనం నవలనూ, సినిమానూ, పాత పాటనూ, చివరికి ఎవరో విసిరిన ఛలోక్తినీ మెచ్చుకుంటాం. చైనా భాషలో ఆ పని ఒక్క మాటతో జరగదు. సాహిత్యంలో పేరు పొందిన గ్రంథానికి అక్కడ మింగ్‌జు అనే మాట ఉంది. దాని పక్కనే జింగ్‌దియెన్, గుదియెన్ అనే మరో రెండు మాటలు కాచుకుని ఉంటాయి. నిఘంటువు తెరిస్తే మూడింటికీ ఇంచుమించు ఒకే అర్థం కనబడుతుంది. భాష నేర్చుకుంటున్నవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇదే కనుక, పలకడం మొదలుకొని వాక్యంలో కూర్చడం దాకా ఏది ముందు, ఏది వెనుక అన్న క్రమంలో ఇక్కడ వివరిస్తున్నాను.

## 1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

చైనా ప్రామాణిక భాషలో దాదాపు ప్రతి అక్షరానికీ ఒక స్వరం ఉంటుంది. ఈ వ్యాసంలో అక్షరం పైన చిన్న అంకె వేసి ఆ స్వరాన్ని చూపిస్తున్నాను. అంకె లేని అక్షరాన్ని తేలికగా, పొట్టిగా పలికి వదిలేయాలి.

- ఒకటో స్వరం: తంబురా శ్రుతిలా ఎత్తుగా, కదలకుండా నిలబడుతుంది.
- రెండో స్వరం: ఫోనులో మాట వినబడక ‘ఆఁ?’ అన్నప్పటిలా కింది నుంచి పైకి పోతుంది.
- మూడో స్వరం: ఇష్టం లేకుండా ‘ఊఁ’ కొట్టినప్పటిలా అడుక్కి దిగుతుంది.
- నాలుగో స్వరం: అల్లరి పిల్లవాణ్ణి ‘చాలు!’ అని కసిరినప్పటిలా పైనుంచి ఒక్కసారిగా పడుతుంది.

తెలుగు లిపి మనకు కొంత మేలే చేస్తుంది. రోమన్ లిపిలో రెండు వేరువేరు గుర్తులతో రాసే ధ్వనులకు మన శ, ష ఇంచుమించుగా సరిపోతాయి కనుక ఇక్కడ ఆ తేడా పాటించాను. ‘జల్లెడ’లోని దంత్య జకారానికి ౙ వాడాను. అయితే బ, ద, గ, జ అని రాసిన చోట గొంతు అదరకూడదు. అవి నిజానికి ఊపిరి వదలకుండా పలికే ప, త, క, చ లకే దగ్గర.

కలం, గళ్ల కాగితం, పిన్‌యిన్ కీబోర్డు (రోమన్ అక్షరాలతో చైనా మాటలు కొట్టేది) ఉన్న ఫోను ఉంటే చాలు.

## 2. మాటను విడదీసి చూడడం

మింగ్²జు⁴ (名著) అనేది రెండు అక్షరాల మాట. మొదటి అక్షరం మింగ్² అంటే పేరు, పేరు పొందినది. రెండో అక్షరం జు⁴ అంటే రచించడం, రచించిన గ్రంథం. రెండూ కలిస్తే పేరుమోసిన గ్రంథం. ఇందులో గ్రంథం అనే అర్థం మాట లోపలే ఉందని ఇప్పుడే గట్టిగా గుర్తు పెట్టుకుంటే, కింద చెప్పబోయే తప్పుల్లో సగం జరగవు.

జింగ్¹దియెన్³లోని జింగ్¹ అక్షరానికి ఎడమ వైపున పట్టుదారపు గుర్తు ఉంటుంది. మగ్గం మీద నిలువుగా సాగే పడుగు దారం దాని పాత అర్థం. బౌద్ధ సూత్రాలను చైనా భాషలోకి తెచ్చినవారు ‘సూత్రం’ అనే మాటకు ఈ అక్షరాన్నే వాడారు. సూత్రం అన్నా దారమే కదా. అందుకే జింగ్¹దియెన్³లో పేరు కన్నా ప్రామాణ్యం, అంటే తరువాతివారు చూసి నడుచుకోదగ్గ గుణం, ఎక్కువగా వినిపిస్తుంది.

గు³దియెన్³లోని గు³ అంటే ప్రాచీనం. ఈ మాట కాలాన్నీ శైలినీ చెబుతుందే తప్ప గొప్పతనాన్ని కొలవదు.

## 3. పలకడం

మొదటి చిక్కు మింగ్²లో ఉంది. మనవాళ్లు అలవాటుగా ‘మింగు’ అన్నట్టు చివర గకారాన్ని స్పష్టంగా పలికేస్తారు. అక్కడ గకారం లేదు. ‘వాఙ్మయం’లోని ఙ దగ్గరే ధ్వనిని ఆపి, గకారాన్ని మింగేయాలి.

రెండోది జు⁴. ళకారం పలికేటప్పుడు నాలుక కొన వంగుతుంది కదా, ఆ చోటికి కొద్దిగా ముందు నాలుకను ఆనించి, ఊపిరి బయటకు ఊదకుండా ‘చు’ అనండి. పెదవులు గుండ్రంగా ఉండాలి, స్వరం పైనుంచి కిందికి పడాలి. అరచేతిని నోటి ముందు పెట్టుకున్నప్పుడు గాలి తగిలిందంటే మీరు ‘ఛు’ అంటున్నారని అర్థం.

తరువాత రెండింటినీ కలపాలి. మింగ్²తో గొంతు పైకి ఎక్కాలి, అక్కడి నుంచే జు⁴ కిందికి పడాలి. మెట్టెక్కి దూకినట్టుండే ఈ కదలిక చెడితే మాటే మారిపోతుంది. రెండో అక్షరాన్ని ఎత్తుగా నిలిపి మింగ్²జు¹ అన్నారో, అది మేలిముత్యం. ముక్కు ధ్వనిని నకారంగా మార్చి, చివరి స్వరాన్ని అడుక్కి దింపి మిన్²జు³ అన్నారో, అది ప్రజాస్వామ్యం. నేర్చుకుంటున్న తొలి ఏడాది, చైనా వారి నాలుగు మహాగ్రంథాలూ చదవాలని ఉందని నేను గొప్పగా చెప్పబోతే, ఎదుటివారికి నాలుగు పెద్ద ముత్యాలు చదవాలని ఉందని వినబడింది. ఆవిడ నవ్వలేదు, ముత్యాలు ఎందుకని మర్యాదగా అడిగింది. అదే ఎక్కువ బాధపెట్టింది.

గు³దియెన్³ విషయంలో మరో నియమం ఉంది. రెండు మూడో స్వరాలు పక్కపక్కన వస్తే మొదటిది రెండో స్వరంగా మారుతుంది. కనుక రాసేటప్పుడు గు³దియెన్³ అయినా, పలికేటప్పుడు గు²దియెన్³.

ముందుకు వెళ్లే ముందు సరిచూసుకోండి:

- ఙ తరువాత గకారం వినబడడం లేదు.
- జు⁴ దగ్గర అరచేతికి గాలి తగలడం లేదు.
- మింగ్²జు⁴, మింగ్²జు¹, మిన్²జు³ మూడూ రికార్డు చేసి వింటే వేరువేరుగా తెలుస్తున్నాయి.

## 4. రాయడం, టైపు చేయడం

మింగ్² అక్షరంలో ఆరు గీతలు. పైన సాయంకాలం అనే గుర్తు, కింద నోరు అనే చతురస్రం. చీకటి పడ్డాక మనిషి కనబడడు కనుక నోటితో పేరు చెప్పుకోవాలి, అందుకే దీనికి ‘పేరు’ అనే అర్థం వచ్చిందని పాత చైనా నిఘంటువు ష్వొ¹వన్² జియె³ౙ⁴ చెబుతుంది. వీధిదీపం లేని ఊళ్లో తలుపు కొట్టి ‘నేనే, ఫలానా’ అనే దృశ్యాన్ని ఊహించుకుంటే ఈ అక్షరాన్ని మళ్లీ మరచిపోరు.

పైభాగాన్ని మూడు గీతల్లో ముగించండి: ఎడమకు వాలే గీత, అడ్డంగా పోయి ఎడమకు వంగే గీత, లోపల చుక్క. తరువాత నోటికి మూడు గీతలు: ఎడమ నిలువు, పై అడ్డం నుంచి కుడి నిలువుకు ఒకే విరుపు, కింద మూత. చుక్కను మరచిపోవడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు.

జు⁴ అక్షరంలో సరళ లిపి (నేటి చైనాలో వాడే, గీతలు తగ్గించిన లిపి) ప్రకారం పదకొండు గీతలు. పైన గడ్డి గుర్తుకు మూడు, నడుమ అడ్డం, నిలువు, అడ్డం, పొడవుగా ఎడమకు వాలే గీత కలిపి నాలుగు, కింద సూర్యుడి గుర్తుకు నాలుగు. దీన్ని పోలిన మరో అక్షరం ఉంది. క్రియకు అంటుకుని, పని జరుగుతూ ఉందని చెప్పే ప్రత్యయం అది. దాని అడుగున సూర్యుడి గుర్తుకు బదులు కన్ను గుర్తు ఉంటుంది. గ్రంథం కావాలంటే పైన గడ్డి, కింద సూర్యుడు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఫోనులో టైపు చేసేటప్పుడు స్వరం లేకుండా అక్షరాలు మాత్రమే కొడతాం కనుక, మహాగ్రంథమూ మేలిముత్యమూ ఒకే వరుసలో ఎదురవుతాయి. ఏది ముందు వస్తుందో మీ కీబోర్డు అలవాటును బట్టి ఉంటుంది. మొదటిది కదా అని వేలు పెట్టేయకండి.

పుస్తకం పేరును చైనా భాషలో ఒక ప్రత్యేక గుర్తుల జంట నడుమ రాస్తారు: 《 》. కొటేషన్ గుర్తులు పెట్టకూడదు. అక్షరాలను వాల్చి రాయనక్కరలేదు.

## 5. మూడు మాటల్లో ఏది? ఈ వరుసలో ప్రశ్నించుకోండి

మొదటి ప్రశ్న: నేను చెప్పబోయేది పుస్తకమేనా? కాకపోతే మింగ్²జు⁴ను అక్కడే వదిలేయాలి. సినిమా, పాట, సినిమాలోని డైలాగు, ఆటలో ఒక ఘట్టం వంటి వాటికి జింగ్¹దియెన్³ సరిపోతుంది. ‘మాయాబజార్’ను జింగ్¹దియెన్³ దియెన్⁴యింగ్³ అనాలి. దియెన్⁴యింగ్³ అంటే సినిమా. విడి పద్యానికో చిన్న వ్యాసానికో మింగ్²ఫియెన్¹, చిత్రపటానికో శిల్పానికో మింగ్²ౙువొ⁴ నప్పుతుంది. లి³ బాయ్² రాసిన వెన్నెల రాత్రి పద్యంలో ఉన్నవి ఇరవై అక్షరాలే. దానిని చైనాలో పసిపిల్లలు కూడా అప్పజెబుతారు, అయినా అది మింగ్²ఫియెన్¹ అవుతుంది గాని మింగ్²జు⁴ కాదు.

రెండో ప్రశ్న: ఆ గ్రంథం ఒక మతానికో సిద్ధాంతానికో ప్రమాణమా? అయితే జింగ్¹దియెన్³. కన్ఫ్యూషియస్ సంప్రదాయపు గ్రంథాలు, బౌద్ధ సూత్రాలు, 305 పాటల ప్రాచీన సంకలనం అన్నీ ఈ గూటికే చెందుతాయి.

మూడో ప్రశ్న: నేను కాలాన్ని చెబుతున్నానా, విలువను చెబుతున్నానా? ప్రాచీన సాహిత్యం మొత్తాన్ని ఒక విభాగంగా పేర్కొనాలంటే గు³దియెన్³ వన్²శ్యుయె². శాస్త్రీయ సంగీతానికి గు³దియెన్³ యిన్¹యుయె⁴. లు³ శ్యున్⁴ కథలు 20వ శతాబ్దానివి కనుక వాటిని మింగ్²జు⁴ అనవచ్చు, జింగ్¹దియెన్³ అనవచ్చు, గు³దియెన్³ మాత్రం అనకూడదు. ప్రాచీనమై, పుస్తకమై, పేరు కూడా పొందితే గు³దియెన్³ మింగ్²జు⁴ అని రెండూ కలిపి చెబుతారు.

ఈ మూడు జల్లెళ్లూ దాటి మిగిలిన నవల, నాటకం, పెద్ద గ్రంథం మింగ్²జు⁴. పుస్తకాల అట్టల మీద జింగ్¹దియెన్³ మింగ్²జు⁴ అని రెండు బిరుదులూ గుప్పించడం చూస్తారు. అది అమ్ముకునేవారి భాష, మీ వాక్యంలో ఒకటి చాలు.

## 6. వాక్యంలో కూర్చడం

ఒక గ్రంథాన్ని లెక్కించేటప్పుడు అంకెకూ మాటకూ నడుమ కొలమానపు మాట తప్పనిసరి. రచనగా చూస్తే బు⁴, చేతిలోని ప్రతిగా చూస్తే బన్³. ఒకటి అనే మాట విడిగా ఇ¹, కానీ నాలుగో స్వరం ముందు ఇ²గా మారుతుంది.

గుర్తింపు వాక్యం. 《శి¹యొవ్²జి⁴》 ష⁴ ఇ² బు⁴ మింగ్²జు⁴. శి¹యొవ్²జి⁴ ఒక మహాగ్రంథం అని అర్థం.

అలవాటు చెప్పే వాక్యం. వొ³ శి³హ్వాన్ దు² మింగ్²జు⁴. నాకు మేటి గ్రంథాలు చదవడం ఇష్టం. ఫలానా పుస్తకమని చెప్పడం లేదు కనుక కొలమానపు మాట అక్కరలేదు.

అనుభవం అడిగే వాక్యం. ని³ దు²గ్వొ స⁴ దా⁴ మింగ్²జు⁴ మ? నువ్వు నాలుగు మహాగ్రంథాలు చదివావా? గ్వొ అనేది ఎప్పుడో ఒకప్పుడు ఆ పని చేసిన అనుభవాన్ని తెలుపుతుంది.

సినిమాగా మారిన గ్రంథం. జ⁴ బు⁴ దియెన్⁴యింగ్³ ష⁴ గన్¹జ్యు⁴ మింగ్²జు⁴ గాయ్³బియెన్¹ ద. ఈ సినిమా ఒక మేటి గ్రంథం ఆధారంగా తీసినది. ఈ వాక్యాన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా బట్టీ పట్టడమే మంచిది. చివరి ద జారిపోతే వాక్యం కుంటుతుంది.

మూలం చదవలేదని ఒప్పుకునే వాక్యం. వొ³ మెయ్² దు²గ్వొ యువెన్²జు⁴. యువెన్²జు⁴ అంటే సినిమాకో సీరియల్‌కో ఆధారమైన మూలగ్రంథం. ఇందులోనూ అదే జు⁴ ఉంది. సీరియల్ మాత్రమే చూసినవారికి అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చే వాక్యం ఇదేనని నా అభిప్రాయం.

## 7. స⁴ దా⁴ మింగ్²జు⁴: విడదీయరాని కూర్పు

‘నాలుగు మహాగ్రంథాలు’ అనగానే ఏ నాలుగో చైనాలో ఎవరూ అడగరు. పాఠశాల పుస్తకాల్లో మింగ్²జు⁴ దావ్³దు² అనే పేరుతో, అంటే గ్రంథ పఠనానికి దారి చూపే శీర్షికతో, ఇలాంటి రచనలను పరిచయం చేస్తూ వచ్చారు.

- సాన్¹గ్వొ² యెన్³యి⁴: మూడు రాజ్యాల పోరు, 120 అధ్యాయాలు
- ష్వెయ్³హు³ జ్వాన్⁴: లియాంగ్‌షాన్ కొండను స్థావరం చేసుకున్న తిరుగుబాటుదారుల కథ
- శి¹యొవ్²జి⁴: పడమటి దేశానికి సాగిన బౌద్ధ భిక్షువు, ఆయన వానర శిష్యుడి కథ, 100 అధ్యాయాలు
- హోంగ్²లొవ్²మంగ్⁴: ఒక సంపన్న కుటుంబం పతనం, వాడుకలోని ప్రతిలో 120 అధ్యాయాలు

రెండో పేరులోని చివరి అక్షరానికి ఛ్వాన్² అనే మరో ఉచ్చారణ కూడా ఉంది. అది ‘అందజేయడం’ అనే అర్థంలో వస్తుంది. చరిత్ర, కథ అనే అర్థంలో జ్వాన్⁴ అనే పలకాలి.

ఈ కూర్పులో దా⁴ ఉన్నందువల్ల బు⁴ అక్కరలేదు. స⁴ బు⁴ దా⁴ మింగ్²జు⁴ అంటే తెలుగులో ‘నాలుగేసి దిక్కులు’ అన్నట్టు చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఈ నాలుగూ చైనా టీవీలో సీరియళ్లుగా వచ్చాయి: శి¹యొవ్²జి⁴ 1986లో, హోంగ్²లొవ్²మంగ్⁴ 1987లో, సాన్¹గ్వొ² యెన్³యి⁴ 1994లో, ష్వెయ్³హు³ జ్వాన్⁴ 1998లో. కనుక ‘చదివారా, చూశారా’ అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. చదివారా అంటే దు²గ్వొ, చూశారా అంటే ఖాన్⁴గ్వొ. అయితే పుస్తకం చదవడానికి కూడా ఖాన్⁴ వాడతారు కనుక, ఎదుటివారు ఏది అడుగుతున్నారో తేలకపోతే యువెన్²జు⁴ అని ప్రస్తావించి తేల్చుకోండి.

## 8. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

తప్పు: హన్³ మింగ్²జు⁴. ‘చాలా క్లాసిక్’ అనబోయి చేసే తప్పు ఇది. మింగ్²జు⁴ నామవాచకం. ‘చాలా గ్రంథం’ అని తెలుగులో అనం, అక్కడా అనరు. సవరణ: చాలా పేరున్నది అనాలంటే హన్³ యొవ్³మింగ్², ఆదర్శప్రాయం అనాలంటే హన్³ జింగ్¹దియెన్³. స్నేహితుల మధ్య ఒక డైలాగును మెచ్చుకోవడానికి థాయ్⁴ జింగ్¹దియెన్³ ల అంటే మన ‘అబ్బ, క్లాసిక్!’కు సరిజోడు.

తప్పు: అక్షరాలు తారుమారు చేయడం. జు⁴మింగ్² అని తిప్పితే ‘ప్రసిద్ధమైన’ అనే విశేషణం అవుతుంది. అవే రెండు అక్షరాలు, పని వేరు. ప్రసిద్ధ రచయిత జు⁴మింగ్² ౙువొ⁴జియా¹. ఆయన మహాగ్రంథం మింగ్²జు⁴. ఈ తికమక చదివేటప్పుడు కూడా జరుగుతుంది. మొదట వచ్చింది గడ్డి గుర్తున్న అక్షరమైతే అది విశేషణమని గుర్తుంచుకోండి.

తప్పు: సొంత పుస్తకాన్ని మింగ్²జు⁴ అనడం. ఇది ఇతరులు ఇవ్వవలసిన గౌరవం. మీ రచన గురించి చెప్పేటప్పుడు ౙువొ⁴ఫిన్³ అనండి, రచన అని మాత్రమే దాని అర్థం.

తప్పు: మెచ్చుకోలుగా జియె²ౙువొ⁴ను ఎక్కడపడితే అక్కడ వాడడం. ఇది నిజానికి ఉత్తమ కళాఖండం అనే మాట. కానీ పిల్లవాడు గోడ నిండా గీతలు గీస్తే ‘ఇది నీ జియె²ౙువొ⁴యేనా?’ అని ఎత్తిపొడుపుగా అడుగుతారు. ‘ఇదేనా నీ ఘనకార్యం’ అనే మన మాటలాగే ఇదీ రెండు వైపులా కోస్తుంది. పెద్దవారి రచన ముందు దీనికన్నా దాయ్⁴బియావ్³ౙువొ⁴, అంటే ఆ రచయితకు గుర్తుగా నిలిచే రచన, నిరపాయం.

## 9. మన గ్రంథాల గురించి చెప్పవలసి వస్తే

తెలుగు భాషను థాయ్⁴లు²గు⁴యు³ అంటారు. 1897లో తొలిసారి అచ్చయిన ‘కన్యాశుల్కం’ గురించి చెబుతూ, జ⁴ ష⁴ థాయ్⁴లు²గు⁴యు³ వన్²శ్యుయె² ద మింగ్²జు⁴, ఇది తెలుగు సాహిత్యంలో మేటి గ్రంథం, అనవచ్చు. నాటకమని స్పష్టం చేయాలంటే శి⁴జ్యు⁴ మింగ్²జు⁴.

రామాయణ, మహాభారతాలకు మాత్రం ఈ మాట వాడకండి. తప్పని కాదు, కానీ చైనావారికి అలవాటైన మాట వేరే ఉంది: ష³ష¹, అంటే ఇతిహాస కావ్యం. రెండింటినీ కలిపి భారతదేశపు లియాంగ్³ దా⁴ ష³ష¹, రెండు మహేతిహాసాలు, అంటారు. జి⁴ శియెన్⁴లిన్² అనువదించిన రామాయణం 1980 నుంచి సంపుటాలుగా వెలువడింది. మహాభారతపు పూర్తి అనువాదం 2005లో ఆరు సంపుటాల్లో వచ్చింది. కనుక పుస్తకాలు చదివే అలవాటున్నవారితో ఈ సంభాషణ తొందరగానే సాగుతుంది.

మాట కలపడానికి మరో దారి కూడా ఉంది. శి¹యొవ్²జి⁴లోని భిక్షువు పాత్రకు మూలమైన శ్యువెన్²ౙాంగ్⁴ మన పాఠ్యపుస్తకాల్లోని హుయాన్‌త్సాంగే. 7వ శతాబ్దంలో ఆయన కృష్ణాతీరంలోని ధాన్యకటకానికి వచ్చాడు. మీది అమరావతి వైపు అయితే, ఎదుటివారు స⁴ దా⁴ మింగ్²జు⁴ చదివావా అని అడిగినప్పుడు, చదవలేదని నిజం చెప్పేసి వెంటనే ఇలా అనండి: శ్యువెన్²ౙాంగ్⁴ లాయ్²గ్వొ వొ³ ద జియా¹శియాంగ్¹. శ్యువెన్‌ౙాంగ్ మా ఊరికి వచ్చాడు.